క్రైస్తవ పాఠశాలలో విలువలు ఎక్కడ ఉంటాయి?

ఒక మతవిశ్వాసంలో పుట్టిన విలువలను ఆ విశ్వాసం లేని పిల్లలకు నేర్పవచ్చునా, నేర్పితే అవి ఏ ఆధారం మీద నిలుస్తాయి అనే ప్రశ్న తత్త్వశాస్త్రంలో పాతదే. అయితే భారతదేశపు క్రైస్తవ ఉన్నత పాఠశాలల్లో అది కేవలం గ్రంథస్థమైన చర్చ కాదు, ప్రతి ఉదయమూ గంట కొట్టగానే ఎదురయ్యే వాస్తవం. ఈ బడులను స్థాపించిందీ నడుపుతున్నదీ క్రైస్తవ సంఘాలే అయినా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లోని చాలా మిషన్ బడుల్లోనూ కాన్వెంటుల్లోనూ తరగతి గదిలో కూర్చునే పిల్లల్లో ఎక్కువమంది హిందువులు, ముస్లిములు. వారి తల్లిదండ్రులు ఆ బడిని ఎంచుకున్నది సువార్త కోసం కాదు, ఇంగ్లిషు కోసం, క్రమశిక్షణ కోసం. ఈ సంగతి యాజమాన్యానికీ తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు, అయినా ఇరుపక్షాలూ ‘విలువలతో కూడిన విద్య’ అన్న ఒకే మాట దగ్గర రాజీపడి సర్దుకుపోతున్నాయి. ఆ మాటకు నిజంగా అర్థం ఉందా లేదా అన్నది పరిశీలించవలసిన విషయం.

ఉదయపు అసెంబ్లీనే తీసుకుంటే సమస్య స్వరూపం తేటపడుతుంది. తరగతుల వారీగా, పొట్టివారు ముందూ పొడుగువారు వెనుకా, ఒక చెయ్యి దూరంలో నిలబడిన పిల్లల ముందు ఒక విద్యార్థిని బైబిలు నుంచి నాలుగు వచనాలు చదువుతుంది, అందరూ కళ్లు మూసుకుని ప్రభువు ప్రార్థన చెబుతారు, ఆ తరువాత ‘నేటి మాట’, వార్తలు, ఆపైన కుడిచెయ్యి ముందుకు చాచి జాతీయ ప్రతిజ్ఞ చేస్తారు. ఆ ప్రతిజ్ఞను 1962లో రాసినవారు నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. పది నిమిషాల వ్యవధిలో పిల్లవాడు రెండు ప్రకటనలు చేస్తాడు: అందరికీ తండ్రి ఒక్కడేనని మొదటిది, భారతీయులందరూ తోబుట్టువులని రెండవది. రెండింటి సారమూ సోదరభావమే. ఒకటి దాన్ని దేవుని పితృత్వం నుంచి రాబడుతుంది, మరొకటి ఉమ్మడి మాతృభూమి నుంచి రాబడుతుంది. మొదటి ఆధారాన్ని అంగీకరించని పిల్లవాడికి రెండవది సరిపోతుందా?

ఈ ప్రశ్నకు పాశ్చాత్య తత్త్వచింతనలో పరస్పర విరుద్ధమైన రెండు సమాధానాలు ప్రసిద్ధం. నీతికి మతం పునాదిగా ఉండనక్కరలేదనీ, మనిషి తన వివేకంతోనే తన ధర్మాన్ని తెలుసుకోగలడనీ, మతం ఆ తరువాత వస్తుందనీ జర్మన్ తత్త్వవేత్త కాంట్ వాదించాడు. క్రైస్తవ దేవుణ్ణి వదిలిపెట్టి క్రైస్తవ నీతిని మాత్రం ఉంచుకుంటామనడం కుదరదనీ, ఆ రెండూ ఒకే కట్టడమనీ, ఒక మూలస్తంభాన్ని లాగేస్తే మిగిలినది నిలబడదనీ మరో జర్మన్ తత్త్వవేత్త నీట్షే వాదించాడు. విచిత్రమేమంటే, మతద్వేషిగా పేరుపడిన నీట్షే వాదమే చాలామంది మిషనరీల వాదం కూడా. ‘మోరల్ సైన్స్’ పాఠ్యపుస్తకాలు అచ్చువేసే వారు మాత్రం, తమకు తెలిసినా తెలియకపోయినా, కాంట్ పక్షాన ఉన్నారు.

ఈ బడుల టైంటేబుల్‌లోనే ఆ రెండు వాదాలూ పక్కపక్కన ఉంటాయి. అనేక కథోలిక పాఠశాలల్లో వారానికి ఒకటి రెండు పీరియడ్లు కథోలిక పిల్లలు సత్యోపదేశానికి, అంటే సంఘ విశ్వాసాన్ని క్రమపద్ధతిలో నేర్పే తరగతికి వెళతారు. అదే సమయంలో మిగిలిన పిల్లలు మోరల్ సైన్స్ తరగతిలో, అంటే దేవుని ప్రస్తావన తగ్గించి సత్యం, సహనం, సేవ వంటి గుణాలను కథల ద్వారా చెప్పే తరగతిలో కూర్చుంటారు. ఈ విభజన ఒక్కరోజులో వచ్చినది కాదు. 1854 నాటి వుడ్స్ డిస్పాచ్, అంటే ఈస్టిండియా కంపెనీ విద్యావిధానాన్ని నిర్దేశించిన పత్రం, ప్రైవేటు బడులకు గ్రాంటు ఇవ్వడానికి లౌకిక విద్యాఫలితాలనే కొలమానంగా పెట్టి మతబోధను లెక్కలోకి తీసుకోలేదు. ప్రభుత్వ బడుల గ్రంథాలయాల్లో బైబిలు ఉండవచ్చనీ, అడిగిన పిల్లలకు బడివేళలు ముగిశాక ఉపాధ్యాయులు వివరించవచ్చనీ చెప్పి ఊరుకుంది. ఇంగ్లండులో 1870 నాటి ప్రాథమిక విద్యాచట్టం మరో అడుగు వేసి, ఇష్టం లేని తల్లిదండ్రులు తమ పిల్లలను తప్పించుకునేందుకు వీలుగా మతబోధను బడివేళల మొదట్లోనో చివర్లోనో పెట్టాలని నిర్దేశించింది. దీన్నే అంతరాత్మ నిబంధన అంటారు. భారత రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడవ క్లాజు ఈ ఆలోచనకే వారసురాలు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందిన ఏ బడిలోనూ, విద్యార్థి లేదా మైనరు అయితే సంరక్షకుడు సమ్మతిస్తే తప్ప, మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరుకమ్మని ఎవరినీ నిర్బంధించరాదు. మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకుని నడుపుకునే హక్కును 30వ అధికరణం ఇస్తున్నది. బడి తన స్వభావాన్ని నిలుపుకోవచ్చు, పిల్లవాడు తన అంతరాత్మను నిలుపుకోవచ్చు. ఈ రెండింటి మధ్య జాగాలోనే క్రైస్తవ పాఠశాల నైతిక జీవితం సాగవలసి ఉంటుంది.

తెలుగునాట ఈ జాగాను మొదట గట్టిగా పరీక్షించినది మచిలీపట్నం. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ ఇంగ్లిషు బడి తెరిచాడు. అగ్రవర్ణాల వారు మారితే సమాజం మొత్తం మారుతుందన్న నమ్మకంతో ఆ వర్గాల పిల్లల కోసమే దాన్ని ఉద్దేశించాడు. బైబిలు బోధన అక్కడ దాపరికం లేని పాఠ్యాంశం. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరంతా అట్టుడికి, బడి దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి పిల్లలు మళ్లీ వచ్చారు గాని, నోబుల్ పద్ధతిలోని అంతర్వైరుధ్యం తొలగిపోలేదు: అందరూ ఒకే తండ్రి బిడ్డలని పాఠంలో చెబుతూ, అస్పృశ్యులుగా ఎంచబడిన వారి బిడ్డలకు తలుపు తెరవని బడిలో ఆ పాఠాన్ని అసలు ఏ పిల్లవాడైనా ఎలా అర్థం చేసుకోవాలి? నోబుల్ నిష్ఠను శంకించవలసిన పని లేదు, ఆయన 1865లో మచిలీపట్నంలోనే తనువు చాలించాడు. కాని మాట ఒకవైపూ బడి అమరిక మరోవైపూ లాగినప్పుడు పిల్లలు నేర్చుకునేది అమరికనే.

మద్రాసు క్రైస్తవ కళాశాలను దశాబ్దాల పాటు నడిపిన విలియం మిల్లర్ వేరే దారి పట్టాడు. మతమార్పిడిని విద్యకు కొలమానంగా పెట్టుకోకుండా, క్రైస్తవ ఆదర్శాలు హిందూ సమాజంలో నెమ్మదిగా వ్యాపించి దాన్ని లోపలినుంచి మార్చాలన్నది ఆయన సిద్ధాంతం. తోడు వేసిన పాలు రాత్రంతా కదలకుండా ఉండి పెరుగైనట్టు, ఎవరి పేరూ మారకుండానే గుణం మారాలన్నది ఆయన ఆశ. మిషను వర్గాల్లో దీన్ని విమర్శించినవారికి కొదవ లేదు. కాని తెలుగువారికి ఈ సిద్ధాంతానికి సజీవమైన నిదర్శనం రఘుపతి వెంకటరత్నం నాయుడు. 1862లో మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో మిల్లర్ వద్ద చదివి, బ్రహ్మసమాజంలో చేరి, నోబుల్ కళాశాలలో బోధించి, 1904 నుంచి కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆయన, ఆ కళాశాలలో బాలికలకూ దళిత విద్యార్థులకూ చోటు కల్పించాడు, ఊరిలో అనాథ శరణాలయాన్ని నిలబెట్టాడు. ఆయన క్రైస్తవుడు కాలేదు. కాని నోబుల్ బడి తెరవని తలుపును తెరిచింది మిల్లర్ శిష్యుడైన ఈ బ్రహ్మసమాజికుడే. విశ్వాసం లేకుండా విలువ నిలవదన్న వాదానికి తెలుగు చరిత్ర ఇచ్చిన జవాబుల్లో ఇది బలమైనది. నాయుడు నాస్తికుడు కాడు, ఏకేశ్వరవాది, కనుక ఈ జవాబు సంపూర్ణం కాదన్న మాట కూడా న్యాయమే.

మూడవ మార్గం డోర్నకల్‌ది. తిరునల్వేలి జిల్లాలో 1874లో పుట్టిన తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్లవారి ముఖం మీదే చెప్పిన మాట ఒకటే: దానాలు, త్యాగాలు పుష్కలంగా ఉన్నాయి, స్నేహం మాత్రం లేదు. ఈ ఫిర్యాదు ఆయన విద్యాదృష్టికి కూడా ఆయువుపట్టు. డోర్నకల్ అధ్యక్ష మండలంలోని బోర్డింగ్ బడులకు వచ్చిన పిల్లల్లో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. ఈ రెండు కులాల మధ్య అప్పట్లో కంచం పొత్తు, మంచం పొత్తు లేదు. ఒకరి బావి నీళ్లు మరొకరు ముట్టేవారు కాదు. సంఘాల్లో సైతం వేరువేరు గుంపులుగా ఉండడం తెలుగు క్రైస్తవ చరిత్రలో దాచలేని నిజం. బోర్డింగులో వారిని ఒకే చాప మీద, ఒకే వంటశాల అన్నానికి కూర్చోబెట్టడం అప్పటి పరిస్థితుల్లో ఏ ప్రసంగంకన్నా తీవ్రమైన చర్య. బడి చదువుతోపాటు పొలం పని, చేతిపని నేర్పడం కూడా అక్కడి దినచర్యలో భాగం.

అన్నం దగ్గరి సమానత్వం క్రైస్తవ వేదాంతంలో పక్క విషయం కాదు. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో పౌలు మండిపడేది ఏదో సిద్ధాంత దోషం మీద కాదు. ప్రభువు భోజనానికని కూడినప్పుడు ఉన్నవారు ముందే తిని తాగి మత్తిల్లుతుంటే లేనివారు ఆకలితో చూస్తూ ఉండడం మీద. అలా తినేది ప్రభువు భోజనమే కాదని ఆయన తేల్చాడు. తెలుగు బైబిలు సహవాసం అని పిలిచే ఆ బంధం, అంటే విశ్వాసులు తమకున్నదాన్ని ఒకరితో ఒకరు పంచుకుని బతికే పద్ధతి, మొదట పరీక్షకు నిలిచినది పంక్తిలోనే. డోర్నకల్ బోర్డింగు ఆ పరీక్షను పిల్లల పంక్తికి తెచ్చింది. అయితే దీన్ని విజయగాథగా చెప్పుకోవడానికి వీలు లేదు, సెలవులకు ఇంటికి వెళ్లిన పిల్లవాడు మళ్లీ తన పల్లె కట్టుబాట్లలోకే వెళ్లాడు. కులం సంఘంలో ఈనాటికీ తెగలేదు. గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో తెలుగు బోధించిన గుఱ్ఱం జాషువా ఒకవైపు కులం వల్ల అవమానాలు, మరోవైపు పురాణ ఇతివృత్తాలతో పద్యాలు రాసినందుకు క్రైస్తవుల నుంచి అభ్యంతరాలు రెండూ ఎదుర్కొన్నాడన్నది గుర్తుంచుకోదగినది.

ఈ మూడు మార్గాల్లో ఏది సరైనదన్న తీర్పుకు క్రైస్తవ సంప్రదాయంలోనే ఒక ఆధారం ఉంది. క్రీస్తుశకం 389 ప్రాంతంలో అగస్తీను తన కుమారుడు అదెయొదాతుతో జరిపిన సంభాషణగా రాసిన ‘గురువు గురించి’ అన్న చిన్న గ్రంథంలో, బయటి గురువు మాటలు కేవలం సంకేతాలేననీ, అవి సత్యాన్ని వినేవాడి లోపలికి చేర్చలేవనీ, లోపలి గురువైన క్రీస్తు వెలుగులో శిష్యుడు తానే చూసి తెలుసుకుంటాడనీ ప్రతిపాదించాడు. దీన్ని ఒప్పుకుంటే బడి ఎవరిలోనూ విశ్వాసాన్ని నాటలేదు; నాటగలననుకోవడం వేదాంతపరంగానే తప్పు. కనుక అంతరాత్మ నిబంధన క్రైస్తవ పాఠశాల మీద బయటి రాజ్యం రుద్దిన షరతు కాదు, దాని స్వంత సిద్ధాంతం నుంచే వచ్చే ఫలితం. 1965లో రెండవ వాటికన్ మహాసభ మతస్వేచ్ఛపై వెలువరించిన ప్రకటన కూడా బలవంతపు విశ్వాసం విశ్వాసమే కాదన్న తీర్మానానికే వచ్చింది. మరి బడి చేయగలిగినది ఏమిటి? ఇక్కడ అరిస్టాటిల్ సాయపడతాడు. న్యాయమైన పనులు చేయగా చేయగా మనిషి న్యాయశీలుడవుతాడనీ, గుణం అంటే వినికిడి కాదు అలవాటు అనీ ఆయన అన్నాడు. బడికి దఖలు పడినది ఆ అలవాటు పడే చోటును సిద్ధం చేయడం: ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఫీజు కట్టనివాడి పేరు ఎక్కడ చదువుతారు, తప్పు చేసినవాడిని ఏమంటారు, ఆయా చేత ఏ పని చేయిస్తారు.

ఈ దృష్టితో చూస్తే పాఠశాల కార్యక్రమాలు అలంకారాలు కావు, అసలు పాఠ్యాంశాలు. నాలుగు రంగుల హౌసులు, హౌస్ కెప్టెన్లు, ప్రిఫెక్టులు అన్న ఏర్పాటు ఇంగ్లండు పబ్లిక్ స్కూళ్ల నుంచి వచ్చింది. 1828 నుంచి 1842 దాకా రగ్బీ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న థామస్ ఆర్నాల్డ్, పెద్ద తరగతి విద్యార్థులకు చిన్నవారి మంచిచెడ్డల బాధ్యత అప్పగించి దానికి నైతిక ప్రయోజనం కల్పించాడు. ఆలోచన గొప్పదే. ఆచరణలో అది చాలా బడుల్లో టై సరిగ్గా కట్టుకోనివాడిని, తెలుగులో మాట్లాడినవాడిని పట్టి పేరు రాసుకునే కాపలా ఉద్యోగంగా దిగజారింది. మాతృభాష మాట్లాడినందుకు జరిమానా వేసే బడి పొరుగువాణ్ణి ప్రేమించమని ఎంత చెప్పినా ఆ పొరుగువాడి భాష ఏదో పిల్లలకు ముందే అర్థమై ఉంటుంది.

డిసెంబరు నెల మరింత చెబుతుంది. పండుగకు ముందుగా జరుపుకునే సెమీ క్రిస్మస్ రోజున పశువులపాక కట్టి, గొల్లలుగా, జ్ఞానులుగా వేషాలు వేసే పిల్లల్లో ఏ మతంవారైనా ఉంటారు, మరియమ్మ వేషం కట్టిన ముస్లిం బాలికను చూసి ఎవరూ నొచ్చుకోరు. తెలుగు పట్టణాల్లో ఈ సహజమైన కలుపుగోలుతనం బడుల వల్లనే వచ్చిందనవచ్చు. అదే వారంలో అనాథాశ్రమానికి వెళ్లి దుప్పట్లు పంచి, వరుసగా నిలబడి ఫోటో తీయించుకోవడమూ ఉంటుంది. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదన్న కొండమీది ప్రసంగపు బోధను ఉదయం చదివి మధ్యాహ్నం ఆ ఫోటోను పత్రికకు పంపించే బడులు తక్కువేమీ కాదు. దీనికి భిన్నమైన ఆచారం తెలుగు సంఘాల్లోనే ఉంది: వంటకు బియ్యం కొలిచేటప్పుడు ప్రతిపూటా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి ఆదివారం గుడికి తెచ్చే పిడికెడు బియ్యం పద్ధతి. ఇచ్చేవాడు కూడా పేదవాడే, ఇచ్చినది తన తిండిలోంచి తీసినదే, ఎవరు ఎంత ఇచ్చారో గంపలో కలిశాక తెలియదు. బడి సేవా కార్యక్రమానికి ఇంతకంటే మంచి నమూనా అక్కరలేదు.

అసెంబ్లీ ప్రశ్నకు తిరిగి వస్తే, అందరూ ప్రార్థనలో పాల్గొనాలా అన్న వివాదానికి పరోక్షంగా వెలుగునిచ్చిన తీర్పు ఒకటి ఉంది. కేరళలో యెహోవా సాక్షుల సమాజానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు అసెంబ్లీలో జాతీయగీతం వచ్చినప్పుడు లేచి మర్యాదగా నిలబడేవారు, కాని తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. బడి వారిని తీసివేసింది. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా ప్రసిద్ధమైన తీర్పులో తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, ఆ పిల్లల మౌనం అగౌరవం కాదనీ, వారిని తీసివేయడం వారి ప్రాథమిక హక్కులను భంగపరచడమేననీ నిర్ధారించి తిరిగి చేర్చుకోమన్నారు. ఈ న్యాయం ఆ పిల్లలకు దక్కడం సరైనదేనని భావించే సంఘం, తన బడిలో ప్రభువు ప్రార్థన వేళ పెదవి కదపకుండా నిలబడిన హిందూ బాలుడి విషయంలోనూ అదే న్యాయాన్ని పాటించవలసి ఉంటుంది. భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2024లో తన విద్యాసంస్థలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించాలనీ, బడి ఆవరణలో అన్ని మతాలవారికీ ప్రార్థన గది ఉండాలనీ సూచించడం ఈ దిశలో వేసిన అడుగే. అయితే గది కట్టడం సులువు, అందరూ చదువుకోగల బడి కట్టడం కష్టం.

నిజమైన పరీక్ష ప్రవేశాల దగ్గరే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు కేటాయించాలని చెప్పింది. 2014లో ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 30వ అధికరణం ఇచ్చిన హక్కును కారణంగా చూపి, ఎయిడెడ్, అన్ఎయిడెడ్ మైనారిటీ బడులన్నింటినీ ఈ చట్టం పరిధి నుంచి తప్పించింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు మీద సందేహం వ్యక్తం చేసి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది. న్యాయస్థానం చివరకు ఏమి తేల్చినా, హక్కును కాపాడుకోవడం వేరు, ఆ హక్కును దేనికి వాడుతున్నామన్నది వేరు. మైనారిటీ హోదా ఉన్నది సంఘం తన స్వభావాన్ని నిలుపుకోవడానికి; ఆ స్వభావం పౌలు చెప్పిన పంక్తి అయితే, ఖరీదైన ఫీజులతో పేదపిల్లలను గేటు బయటే ఆపే బడి ఆ హోదాతో కాపాడుకుంటున్నది క్రైస్తవ్యాన్ని కాదు, వ్యాపారాన్ని. అన్ని బడులూ అలాంటివి కావు. పల్లెల్లో తెలుగు మీడియంలో నామమాత్రపు ఫీజుతో నడుస్తూ, గ్రాంటు పోస్టులు భర్తీ కాక ఒక్కొక్కటిగా మూతపడుతున్న మిషన్ బడులు సంఘ నాయకత్వం దృష్టికి ఎందుకో అంతగా ఆనవు. పట్టణపు కాన్వెంటుల యాజమాన్యాలు మోరల్ సైన్స్ పుస్తకం మార్చే ముందు తమ ప్రవేశాల రిజిస్టరును ఒకసారి తెరిచి చూసుకోవాలి. మైనారిటీ బడులకు సుప్రీంకోర్టు ఇచ్చినది మినహాయింపు మాత్రమే. బలహీన వర్గాల పిల్లలను చేర్చుకోవద్దని ఏ కోర్టూ ఏనాడూ చెప్పలేదు.